బరువు బరువా, గాలి బరువా?

హైదరాబాద్ గచ్చిబౌలి నుంచి బాపట్ల దగ్గరి సూర్యలంక బీచికి రెండు బండ్లు బయల్దేరాయనుకుందాం. రెండూ ఒకే మోడల్ డీజిల్ ఫోర్ బై ఫోర్‌లు. ఒకటి వెనక ఏమీ లేకుండా గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతోంది. రెండోది 700 కిలోల మడత క్యాంపర్ ట్రైలర్‌ను తగిలించుకుని 80 దగ్గర నిలకడగా వెళ్తోంది. దారి పొడవునా అవే వేగాలు ఉంటే రెండూ తాగే డీజిల్ దాదాపు సమానం: వంద కిలోమీటర్లకు 8.2 లీటర్లు.

ఇది ఎవరో నడిపి చెప్పిన ముచ్చట కాదు, ఇంటర్మీడియట్ ఫిజిక్స్ లెక్క. ఎవరి బండికి వాళ్ళు వేసుకోవచ్చు. మాదాపూర్, నానక్‌రామ్‌గూడ వాసులకు ఎక్సెల్ షీటు ఎలా తెరవాలో ఒకరు చెప్పే పని లేదు కదా.

ఐటీ కారిడార్ సెల్లార్లలో ఇప్పుడు థార్‌లు, స్కార్పియో-ఎన్‌లు, ఫార్చ్యూనర్‌లు బారులు తీరి ఉంటాయి. వాటిలో కొన్నింటి నెత్తిన మడిచిన టెంటు కనిపిస్తుంది. వెనక తగిలించే క్యాంపర్ ట్రైలర్ మాత్రం హైదరాబాద్ రోడ్ల మీద ఇంకా అరుదే. కొందామని ఊగిసలాడేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ‘మైలేజీ ఎంత పడిపోతుంది?’ అని. వెంటనే రెండోది, ‘బరువెంత?’ అని. మొదటి ప్రశ్న సరైనదే. దానికి జవాబు రెండో ప్రశ్నలో ఉందనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది.

ఆ అలవాటు మనకు ట్రాక్టరు నుంచి వచ్చి ఉంటుంది. తెలుగు నేల మీద ట్రైలర్ అంటే మొన్నమొన్నటిదాకా ట్రాక్టరు వెనక ట్రాలీయే. వడ్ల బస్తాలో, ఇసుకో నింపితే ట్రాక్టరు, ట్రాలీ కలిపి 8 టన్నులు అనుకోండి. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో టైర్లు దొర్లడానికే దాదాపు 1,570 న్యూటన్ల బలం కావాలి. గాలిని చీల్చుకుపోవడానికి కావలసింది 100 న్యూటన్ల పైచిలుకు మాత్రమే, అంటే మొత్తంలో నూటికి ఆరేడు పాళ్ళు. కాబట్టి ‘లోడు ఎక్కువైతే డీజిలు ఎక్కువ తాగుద్ది’ అన్న ట్రాక్టరు డ్రైవరు మాట అక్షరాలా నిజం. అదే మాటను అవుటర్ రింగ్ రోడ్డు మీదికి తెస్తే ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అవుతుంది. అక్కడ ఎక్కువ తాగేది గాలి, నింద పడేది బరువు మీద.

లెక్కకు కావలసిన సరుకు చెబుతాను. లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. ఇంజిన్ వేడి, సైలెన్సర్ పొగ, గేరుబాక్సు రాపిడి కలిసి నూటికి 70 పైచిలుకు పాళ్ళు తినేస్తాయి. చక్రాలకు చేరేది 28 శాతం అనుకుంటే లీటరుకు 10 మెగాజౌళ్ళు. ఈ అంకెలో ఓ సుఖం ఉంది. బండిని వెనక్కి పట్టే బలం ఎన్ని న్యూటన్లో తేల్చి వందతో భాగిస్తే, వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు కావాలో వచ్చేస్తుంది. 600 న్యూటన్లు అయితే 6 లీటర్లు. ఇంతకన్నా సులువైన సూత్రం దొరకదు.

వెనక్కి పట్టేవి ముఖ్యంగా రెండు. ఒకటి టైర్ల నిరోధం. బండి బరువును తారు రోడ్డుకు తగిన గుణకంతో హెచ్చిస్తే అది వస్తుంది. మొరటు టైర్లున్న ఫోర్ బై ఫోర్‌కు ఆ గుణకాన్ని 0.012గా తీసుకున్నాను. వేగం పెరిగినా ఇది పెద్దగా మారదు. రెండోది గాలి నిరోధం. దీనికి బండి ముఖం ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, ఎంత మొద్దుగా ఉంది అన్నవి కావాలి. మూడింటినీ కలిపి ఒకే అంకెగా చెబుతారు. నిటారు ముక్కున్న ఎస్‌యూవీకి 1.2 చదరపు మీటర్లు అనుకుంటే అన్యాయం కాదు. దాన్ని గాలి సాంద్రతతోనూ, వేగం వర్గంతోనూ హెచ్చించి సగం చేయాలి. ఆ ‘వర్గం’ అన్న మాట దగ్గరే కథంతా ఉంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలు.

మనుషులు, సామాన్లతో కలిపి 2,200 కిలోల బండి. టైర్ల నిరోధం 259 న్యూటన్లు. 80 వేగంలో గాలి నిరోధం 326. మొత్తం 585, అంటే 5.85 లీటర్లు. ఏసీ, ఆల్టర్నేటర్ వగైరాలకు మరో 0.6. వెరసి వంద కిలోమీటర్లకు 6.4 లీటర్లు, మన వాడుకలో లీటరుకు 15.5 కిలోమీటర్లు. వేగం 100కి పెంచితే టైర్ల వాటా కదలదు, గాలి వాటా మాత్రం 509 న్యూటన్లకు ఎగబాకుతుంది. ఏసీ వగైరాలు గంటల లెక్కన తాగేవి కాబట్టి వందకు వాటి వాటా కాస్త తగ్గుతుంది. ఖర్చు 8.2 లీటర్లు. 120కి పోతే 10.3 లీటర్లు. ఈ బండికి గంటకు 71 కిలోమీటర్ల దగ్గర రెండు నిరోధాలూ సమానమవుతాయి. ఆ గీత దాటాక గాలిదే పైచేయి.

ఇప్పుడు వెనక బండి తగిలిద్దాం. మడత పెట్టే రకం క్యాంపర్ ట్రైలర్ కారు నడుం ఎత్తుకు మించదు. కారు చీల్చిన గాలి వెనకే దాక్కుని వస్తుంది. అందుకే గాలికి అది కలిపేది తక్కువ, 0.35 చదరపు మీటర్లు అనుకుందాం. బరువు 700 కిలోలు. 80 వేగంలో టైర్లకు 82, గాలికి 95, కలిపి 177 న్యూటన్లు అదనం. అంటే 1.8 లీటర్లు. ఖాళీ బండి 6.4 కాస్తా 8.2 అవుతుంది. మొదట్లో చెప్పిన సమానత్వం ఇక్కడి నుంచి వచ్చిందే. 100 వేగంలో అదే ట్రైలర్‌తో 10.5 లీటర్లు.

ఇక గోడలు, మంచం, వంటగది ఉండి మనిషి నిలబడగలిగేంత ఎత్తైన క్యారవాన్ సంగతి. బరువు 1,200 కిలోలు, ఎత్తు రెండున్నర మీటర్ల పైన. కారు నీడ దీన్ని కప్పలేదు. కప్పు పైనుంచి వచ్చే గాలంతా దాని నుదుటికి కొట్టుకుంటుంది. అదనపు ముఖం 1.3 చదరపు మీటర్లు, అంటే గాలి దృష్టిలో రెండో కారు. 80లో 11.4 లీటర్లు, 100లో 15.1. కిలోమీటర్లలో చెబితే లీటరుకు 8.8, 6.6. క్యారవాన్‌లు ఇంటింటి సరుకైన ఆస్ట్రేలియాలో వందకు 15, 16 లీటర్లన్న మాట మామూలుగా వినబడేదే.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది నెత్తిమీది టెంటు. దాని బరువు 60 కిలోలు. ట్రైలర్ బరువులో పదో వంతు కూడా లేదు. కానీ అది కూర్చునేది సరిగ్గా గాలి దారికి అడ్డంగా. 100 వేగంలో వందకు 1.1 లీటరు అదనం. అంటే 700 కిలోల ట్రైలర్ తాగే 2.3 లీటర్లలో దాదాపు సగం! ఆ 1.1 లీటరులో బరువు వాటా లీటరులో పద్నాలుగో వంతు, మిగతాదంతా గాలి. అయితే సోమవారం టెంటు విప్పకుండా అలాగే ఆఫీసుకు వెళ్ళేవాళ్ళను నేను తప్పుపట్టను. సైబర్ టవర్స్ దగ్గర 30 వేగంలో గాలి నిరోధం 100 వేగంలో ఉన్నదాంట్లో పదకొండో వంతు. పార్కింగ్ ఎత్తు సరిపోతే చాలు.

బరువు మాటే తేల్చుకోవాలంటే మరో లెక్క. ఆ మడత ట్రైలర్‌లో ఫ్రిజ్జు, నీళ్ళ ట్యాంకు, జనరేటరు, బియ్యం బస్తా, చుట్టాల సామాను అన్నీ వేసి బరువును 1,400 కిలోలకు రెట్టింపు చేశారనుకోండి. (బ్రేకుల దృష్ట్యా చేయకూడదు, లెక్క కోసం.) సమతలం మీద 80 వేగంలో అదనపు ఖర్చు వందకు 0.8 లీటరు. అదే ట్రైలర్‌ను మొదటి బరువుతోనే ఉంచి వేగాన్ని 80 నుంచి 100కి పెంచితే 2.3 లీటర్లు. ఏడు క్వింటాళ్ళ బరువు కన్నా యాక్సిలరేటర్ మీద పాదం దాదాపు మూడింతలు ఖరీదు.

అవుటర్ రింగ్ రోడ్డు ఈ పాఠానికి తగ్గట్టే ఉంది. 158 కిలోమీటర్ల ఆ వలయంలో గరిష్ఠ వేగాన్ని 2023లో 100 నుంచి 120కి పెంచారు. అది కుడివైపు ఒకటి, రెండు లేన్లకు. ఎడమవైపు మూడు, నాలుగు లేన్లలో పరిమితి 80. ట్రైలర్ లాగే బండికి డీజిల్ పరంగానూ, బ్రేకుల పరంగానూ అదే సరైన చోటు. లారీల మధ్య నడపాల్సి రావడం చికాకే. కానీ తగినంత దూరం ఉంచుకుంటూ వాటి వెనక సాగితే గాలి కూడా కాస్త మెత్తబడుతుంది. డీజిల్ మిగులుతుంది కదా అని లారీ బంపరుకు అతుక్కుపోవడం మాత్రం ప్రాణాలతో బేరం.

ఇక్కడ మైలేజీ కొలిచే మన పద్ధతి గురించి ఒక మాట. మనం ‘లీటరుకు ఎన్ని కిలోమీటర్లు’ అంటాం, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ళు ‘వందకు ఎన్ని లీటర్లు’ అంటారు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో ‘సైన్స్’ పత్రికలో చూపించింది ఈ తేడానే. దూరాన్ని ఇంధనంతో భాగించే అంకె మన అంచనాను తప్పుదారి పట్టిస్తుందని వాళ్ళు తేల్చారు. మన లెక్కలోనే చూడండి. 80 వేగంలో ఖాళీ బండి 15.5, మడత ట్రైలర్‌తో 12.2, క్యారవాన్‌తో 8.8. మొదటి మెట్టు 3.3 కిలోమీటర్లు దిగింది, రెండో మెట్టు 3.4. చూపుకు రెండూ ఒకటే. డీజిల్‌లో మొదటి మెట్టు వందకు 1.8 లీటర్లు, రెండోది 3.2 లీటర్లు! ట్రైలర్ కొనేటప్పుడు అమ్మేవాళ్ళు ‘మైలేజీ మూడే తగ్గుతుంది సార్’ అంటే, ఎంత నుంచి మూడు అని అడగాలి.

షోరూములో రాసి ఉండే మైలేజీతో ఈ అంకెలను పోల్చకండి. ఆ మైలేజీని తేల్చే పరీక్షలో గరిష్ఠ వేగం గంటకు 90. అది కూడా కాసేపే. ట్రైలర్ ప్రసక్తే ఉండదు.

రూపాయల్లోకి వద్దాం. 2024 మార్చి తగ్గింపు తర్వాత హైదరాబాద్‌లో డీజిల్ లీటరు 95 రూపాయల 65 పైసలకు వచ్చింది. లెక్క సులువు కోసం 96 అనుకుందాం. ధర మారితే మీరే సవరించుకోండి. నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి దారి పట్టి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ళ, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా సూర్యలంకకు సుమారు 340 కిలోమీటర్లు. రానుపోను 680. నిలకడగా 80లో ఖాళీ బండికి దాదాపు 44 లీటర్లు, 4,200 రూపాయలు. మడత ట్రైలర్‌తో 56 లీటర్లు, 5,360. క్యారవాన్‌తో 77 లీటర్లు, 7,430. వేగం 100 అయితే మడత ట్రైలర్‌కు 6,830, క్యారవాన్‌కు 9,840.

మడత ట్రైలర్‌తో 100లో పోయినందుకు ఆదా అయ్యే సమయం రానుపోను కలిపి గంటా నలభై రెండు నిమిషాలు. అదనంగా అయ్యే డీజిల్ 1,470 రూపాయలు. గంటకు 865 రూపాయలు పెట్టి సమయం కొన్నట్టు. గంట జీతం అంతకన్నా ఎక్కువే అని కొందరు లాప్‌టాప్ మూసి లేస్తారు. కానీ శనివారం గంటకు ఏ కంపెనీ జీతం ఇవ్వదు. పైగా 100 వేగంలో ట్రైలర్ ఊగడం మొదలైతే దాన్ని అదుపు చేయడం అనుభవం లేనివాళ్ళ పని కాదు.

ట్యాంకు లెక్క కూడా చూసుకోవాలి. థార్‌కూ, స్కార్పియో-ఎన్‌కూ ట్యాంకు 57 లీటర్లు, ఫార్చ్యూనర్‌కు 80. 57లో ఏడు లీటర్లు అట్టడుగున ఉంచుకుని మిగతా 50తో నడుపుదామనుకుంటే, మడత ట్రైలర్‌తో 80లో 600 కిలోమీటర్లు దాటొచ్చు. క్యారవాన్‌తో 100లో 330. అంటే సూర్యలంక గాలి తగిలేలోపే పంపు వెతుక్కోవాలి.

ఇంతవరకూ రోడ్డు సమతలం అనుకున్నాం. మనది దక్కను పీఠభూమి. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. సూర్యలంక సముద్రం ఒడ్డునే. బండి, ట్రైలర్ కలిపి 2,900 కిలోలను వంద మీటర్ల ఎత్తుకు చేర్చడానికి 2.8 మెగాజౌళ్ళు, అంటే 0.28 లీటరు. 540 మీటర్లకు 1.5 లీటర్లు. 340 కిలోమీటర్ల మీద పరిచేసిన ఆ ఏటవాలు కంటికి కనబడదు, డ్యాష్‌బోర్డు మీది మీటరుకు కనబడుతుంది. వెళ్ళేటప్పుడు లీటరుకు 12.9 చూపించిన బండి తిరుగు ప్రయాణంలో 11.5 చూపిస్తుంది. చాలామంది ‘బాపట్ల డీజిల్ మంచిది కాదు’ అనుకునేది ఇలాంటప్పుడే. పాపం, బంకువాళ్ళ తప్పేం లేదు. ఎత్తుకు మరో చిన్న లాభమూ ఉంది. 30 డిగ్రీల ఎండలో హైదరాబాద్ గాలి తీరంలో గాలి కన్నా ఆరు శాతం పలచన. అంటే అదే వేగంలో గాలి నిరోధం ఇక్కడ కొంచెం తక్కువ.

ఘాట్ రోడ్లలో మాత్రం బరువుకు మళ్ళీ రోజులొస్తాయి. విశాఖ నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తునున్న అరకుకు పోతే, కేవలం ఎత్తెక్కడానికే 2.6 లీటర్లు. అందులో ట్రైలర్ వాటా 0.6. మైదానంలో ఏటవాలు దిగేటప్పుడు ఈ శక్తి తిరిగి చేతికొస్తుంది. ఘాట్‌లో మలుపు మలుపుకూ బ్రేకు వేయాలి కాబట్టి వేడిగా పోతుంది. 25 మెగాజౌళ్ళ వేడి అది. బ్రేకుల మీదే వదిలేస్తే కింద చేరేసరికి పెడల్ మెత్తబడుతుంది. అందుకే తక్కువ గేరులో దిగాలి. కొత్త ఇంజిన్లు గేరులో దిగేటప్పుడు డీజిల్‌ను పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో దింపితే మిగులుతుందనుకోవడం పాత తరం భ్రమ, ప్రమాదం కూడా.

గాలి ఊరికే నిలబడి ఉండదు. ఆషాఢంలో పడమటి గాలి ఎంత ఈడ్చికొడుతుందో కోకాపేట టవర్లలో పై అంతస్తుల వాళ్ళకు తెలుసు. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో 80 వేగంతో పోతే, గాలి దృష్టిలో మీరు 100లో ఉన్నట్టే. మడత ట్రైలర్‌కు వందకు 2.4 లీటర్లు అదనం. వికారాబాద్ వైపు పోయేవాళ్ళకు అది ముఖం మీదే తగులుతుంది. తిరుగు ప్రయాణంలో వెనక నుంచి తోస్తుంది గానీ, పోయినంతా తిరిగి ఇవ్వదు. వర్గం లెక్కలో ఎదురుగాలి నష్టం ఎప్పుడూ వెనకగాలి లాభం కన్నా పెద్దది.

వికారాబాద్ అంటే గుర్తొచ్చింది. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా పోయే ఆ మర్రిచెట్ల రోడ్డు మీద 60కి మించి ట్రైలర్ లాగడం నాకు ఇష్టం లేదు, అవసరమూ లేదు. 60 వేగంలో ఖాళీ బండికి వందకు 5.2 లీటర్లు, మడత ట్రైలర్‌తో 6.6. అనంతగిరి కొండలకు రానుపోను 150 కిలోమీటర్లు. తేడా రెండు లీటర్లు, 200 రూపాయల లోపు. వారాంతానికి అంత దూరమే పోయేవాళ్ళు డీజిల్ గురించి ఆలోచించి ట్రైలర్ మానుకోనక్కర్లేదు. మానుకోవడానికి వేరే కారణాలున్నాయి. అది అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎక్కడ పెట్టాలి అన్నది వాటిలో మొదటిది.

కిలోమీటరు లెక్కన చూస్తే ఎక్కువ డీజిల్ పోయేది ఊరు దాటేలోపే. సైబర్ టవర్స్ నుంచి బయోడైవర్సిటీ జంక్షన్, గచ్చిబౌలి మీదుగా నానక్‌రామ్‌గూడ రింగ్ రోడ్డు ర్యాంపుకు ఏడెనిమిది కిలోమీటర్లు. శుక్రవారం సాయంత్రం దానికి గంట పట్టిందనుకోండి. ఏసీ వేసుకుని ఆగి ఉన్న డీజిల్ ఇంజిన్ గంటకు దాదాపు లీటరు తాగుతుంది. ముప్పై సార్లు ఆగి, ప్రతిసారీ 40 వేగానికి ఎగబాకితే ఖాళీ బండికి 0.4 లీటరు, ట్రైలర్‌తో 0.54. ఇక్కడ గాలి ఊసే లేదు, పూర్తిగా బరువు లెక్క. అయినా ట్రైలర్ వల్ల అదనం ఒక గ్లాసుకు తక్కువ. ఆగి నిలబడ్డ గంటే అసలు ఖర్చు. శనివారం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే ఈ పేరా మొత్తం కొట్టేయొచ్చు.

ఫోర్ బై ఫోర్ పద్ధతి సంగతి ఇంతసేపూ పక్కనే పెట్టాను. కారణం ఉంది. తారు రోడ్డు మీద దాని పని లేదు. ముందు, వెనక ఇరుసులను గట్టిగా జోడించే పార్ట్‌టైమ్ పద్ధతి ఉన్న బండ్లలో పొడి తారు మీద దాన్ని తగిలించి ఉంచితే టైర్లు, గేర్లు ఒకదాన్నొకటి లాక్కుని అరుగుతాయి. బురదలో, ఇసుకలో దాని విలువ తెలుస్తుంది. వదులు ఇసుకలో టైర్ల నిరోధం గుణకం 0.012 నుంచి ఒక్కసారిగా 0.2 దాకా లేస్తుంది. 2,900 కిలోలకు 5,700 న్యూటన్లు. అంటే ఒక్క కిలోమీటరుకే అర లీటరు పైన! టైర్లలో గాలి తగ్గిస్తే కొంత దిగుతుంది. అయినా బీచి ఇసుకలోకి బండి దింపవద్దనే చెబుతాను. బాపట్ల తీరం ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు. డీజిల్ లెక్క కన్నా అది పెద్ద లెక్క.

పెట్రోల్ థార్ ఉన్నవాళ్ళకు పై లీటర్లన్నీ సుమారు 1.3తో హెచ్చించాలి. లీటరు పెట్రోల్‌లో శక్తి 32 మెగాజౌళ్ళే, చక్రాలకు చేరే వాటా కూడా తక్కువ. 2024 మార్చి తగ్గింపు తర్వాత దాని ధర 107 చుట్టూ ఉండేది. అన్నీ కలిపితే కిలోమీటరుకు ఖర్చు డీజిల్ కన్నా 45 శాతం దాకా ఎక్కువ. ఎక్కువ దూరాలు లాగాలనుకునేవాళ్ళకు ఈ ఒక్క అంకె చాలు.

ఒక మినహాయింపు చెప్పాలి. లీటరుకు 10 మెగాజౌళ్ళు అన్నది అన్ని వేళలా స్థిరం కాదు. డీజిల్ ఇంజిన్ తేలిక పని కన్నా ఓ మోస్తరు బరువు పనిలోనే మెరుగ్గా నడుస్తుంది. కాబట్టి ట్రైలర్ తగిలించాక నిజమైన అదనపు ఖర్చు పై లెక్క కన్నా కొంచెం తక్కువ రావచ్చు. ఆటోమేటిక్ గేరుబాక్సు పై గేరుకూ కింది గేరుకూ మధ్య ఊగుతూ ఉంటే ఆ లాభం కాస్తా పోతుంది. అలాంటప్పుడు మాన్యువల్ మోడ్‌లో ఒక గేరు కిందే పట్టి ఉంచడం మేలు.

డీజిల్ లెక్క కుదిరాక కాగితాల లెక్క. 1988 మోటారు వాహనాల చట్టం రెండో సెక్షన్‌లోని 46వ నిర్వచనం ప్రకారం మోటారు వాహనం లాగే ట్రైలర్ కూడా ఒక వాహనమే. ట్రాక్టరు ట్రాలీకి ఉన్నట్టే దానికీ సొంత రిజిస్ట్రేషన్, సొంత నంబరు కావాలి. కొనే ముందు అమ్మేవాళ్ళ దగ్గర ఆ పత్రాలు చూడండి, మీ బీమా కంపెనీని లిఖితపూర్వకంగా అడగండి. మీ బండి యజమాని పుస్తకంలో లాగే సామర్థ్యం రాసి ఉందో లేదో వెతకండి. అదే పేరుతో విదేశాల్లో అమ్మే మోడల్ మూడు టన్నులు లాగుతుందని చదివి ఇక్కడి బండికి అంటగట్టకూడదు. ఐరోపాలో సొంత బ్రేకులు లేని తేలిక ట్రైలర్లకు గీత 750 కిలోలు. మనమూ ఆ గీతను మనసులో పెట్టుకుంటే నష్టం లేదు. హుక్కు మీద పడే బరువు ట్రైలర్ మొత్తంలో పదో వంతు, అంటే 700 కిలోలకు 70 కిలోలు, ఉండేలా సామాను సర్దాలి. బరువంతా వెనక వేస్తే ట్రైలర్ తోక ఊపుతుంది.

మీ బండికి అసలు అంకె తెలియాలంటే డ్యాష్‌బోర్డును నమ్మకండి. రింగ్ రోడ్డు దగ్గరి ఏదో ఒక బంకులో, పంపు తనంతట తాను ఆగే మొదటి క్లిక్ దాకా నింపించండి. ట్రిప్ మీటరు సున్నా చేయండి. తిరిగొచ్చాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర మళ్ళీ మొదటి క్లిక్ దాకా నింపించండి. నోజిల్ ఊపించి పైదాకా పోయించవద్దు. బయల్దేరిన చోటికే తిరిగొచ్చారు కాబట్టి ఎత్తుపల్లాల లెక్క చాలావరకు కొట్టుకుపోతుంది. దారిలో పోయించుకున్నవీ కలిపిన మొత్తం లీటర్లను వందతో హెచ్చించి కిలోమీటర్లతో భాగించండి. ఒకసారి ట్రైలర్ లేకుండా, ఒకసారి ట్రైలర్‌తో, రెండుసార్లూ 80 దగ్గరే. తేడా రెండు లీటర్ల లోపు వస్తే మీ ట్రైలర్ కారు నీడలోనే ఉంది. నాలుగు దాటితే, బరువు తగ్గించే ముందు టేపు తెచ్చి దాని ఎత్తు కొలవండి.